పోగ్బా విలువ ఎంత? ఆ వాదన ఇన్నేళ్లయినా ఎందుకు తెగట్లేదు

క్లుప్తంగా: ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ 2016లో ప్రపంచ రికార్డు రేటు పెట్టి ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ పాల్ పోగ్బాని కొంది, 2022లో పైసా రాకుండా వదులుకుంది, ఈ రెంటి మధ్య 2018లో అతను ఫ్రాన్స్ తరఫున ప్రపంచకప్ గెలిచాడు. క్లబ్‌లో మాత్రం ఒక వారం అద్భుతంగా ఆడేవాడు, తర్వాతి వారం అసలు గ్రౌండ్‌లో ఉన్నాడా అనిపించేవాడు. ఈ నిలకడలేమిలో పెద్ద వాటా అతన్ని ఎక్కడ, ఎవరి పక్కన ఆడించారన్న దాంట్లో ఉంది, మిగతాది గాయాల్లో, సొంత హాఫ్‌లో బంతి పోగొట్టుకునే అలవాటులో ఉంది. ఫ్యాన్స్ గొడవ తెగకపోవడానికి కారణం వేరే: ఒకళ్లు ధర గురించి, ఒకళ్లు టాలెంట్ గురించి, ఇంకొకళ్లు ఆ టాలెంట్ కోసం టీమ్ వదులుకోవాల్సిన వాటి గురించి మాట్లాడుతున్నారు.

## ఎనిమిది రోజులు, రెండు మ్యాచ్‌లు

2018 ఏప్రిల్ 7, శనివారం, మన టైమ్‌లో రాత్రి పదింటికి మొదలైన మాంచెస్టర్ డెర్బీ, అంటే ఆ ఊళ్లోని రెండు క్లబ్బులు యునైటెడ్, సిటీల మ్యాచ్. సొంత గ్రౌండ్‌లో ఆ మ్యాచ్ గెలిస్తే సిటీకి లీగ్ టైటిల్ ఆ రాత్రే ఖాయం, హాఫ్ టైమ్‌కి సిటీ 2-0తో ముందుంది, ఆట నడుస్తున్న తీరు చూస్తే ఇంకో రెండు పడేలా ఉంది. 53వ నిమిషంలో సహచరుడు హెరెరా ఛాతీతో దించిన బంతిని పోగ్బా గోల్‌కీపర్ ఎడెర్సన్‌ని దాటించి లోపలికి వేశాడు, రెండు నిమిషాలు తిరక్కముందే శాంచెజ్ క్రాస్‌కి బాక్స్‌లోకి పరుగెత్తుకొచ్చి తల పెట్టాడు, 2-2. ఆ తర్వాత స్మాలింగ్ మూడో గోల్ కొట్టాడు, యునైటెడ్ 3-2తో గెలిచింది, సిటీ పండగ ఆగిపోయింది.

సరిగ్గా ఎనిమిది రోజులకి యునైటెడ్ సొంత గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వెస్ట్ బ్రామ్‌తో మ్యాచ్. వెస్ట్ బ్రామ్ అప్పటికి పాయింట్ల పట్టికలో అట్టడుగున ఉంది. యునైటెడ్ 0-1తో ఓడింది, పోగ్బాని గంట కూడా ఆడనివ్వకుండా కోచ్ మౌరిన్హో బయటికి పిలిచేశాడు, ఆ ఓటమితోనే సిటీ చాంపియన్ అయిపోయింది. సిటీ గ్రౌండ్‌లో ఆపిన టైటిల్‌ని ఎనిమిది రోజులకి సొంత గ్రౌండ్‌లో ఓడి వాళ్లకే ఇచ్చేసినట్టయింది.

పోగ్బా మీద ఉన్న మొత్తం వాదన ఈ రెండు మ్యాచ్‌ల్లోనే ఉంది. మొదటిది చూసినవాళ్లకి "ఇలాంటోడు ఇంకొకడు ఉన్నాడా" అనిపిస్తుంది, రెండోది చూసినవాళ్లకి "ఇంత డబ్బు ఇందుకా" అనిపిస్తుంది, ఇద్దరూ చూసింది నిజమే. ఎవరిది కరెక్ట్ అనే కంటే ఒకే మనిషి నుంచి ఈ రెండూ ఎలా వస్తాయన్నదే అసలు తేల్చుకోవాల్సిన విషయం.

## ధర ట్యాగ్ చేసిన పని

2016 ఆగస్టులో యునైటెడ్ ఇటలీ క్లబ్ జువెంటస్‌కి కట్టింది 10.5 కోట్ల యూరోలు, అంటే దాదాపు 8.9 కోట్ల పౌండ్లు. అప్పటికి ఫుట్‌బాల్‌లో అంత రేటు ఎవరికీ పలకలేదు, మరుసటి ఏడాది నేమార్ కోసం పారిస్ క్లబ్ పీఎస్‌జీ 22.2 కోట్ల యూరోలు పెట్టేదాకా ఆ రికార్డు అలాగే ఉంది. ఇంకా మంట పుట్టించిన సంగతి ఏంటంటే ఇతను యునైటెడ్ అకాడమీలో పెరిగిన కుర్రాడే, 2012లో కాంట్రాక్ట్ అయిపోయి వెళ్లిపోయాడు, నాలుగేళ్ల తర్వాత అతన్నే అంత పోసి వెనక్కి తెచ్చుకున్నారు.

ట్రాన్స్‌ఫర్ రేటు అంటే ఆటగాడు ఎంత బాగా ఆడతాడో చెప్పే హామీ అని చాలామంది అనుకుంటారు, అది అలా పనిచేయదు. అమ్మేవాడికి అవసరం ఉందా లేదా, కాంట్రాక్ట్ ఇంకా ఎన్నేళ్లు మిగిలింది, కొనేవాడి దగ్గర ఎంత డబ్బుంది, జెర్సీలు స్పాన్సర్లు ఎంత తెస్తారు, ఇవన్నీ కలిసి రేటు తేలుతుంది. ఇంగ్లాండ్ క్లబ్బులకి సరిగ్గా ఆ 2016-17 సీజన్ నుంచే కొత్త టీవీ ఒప్పందం డబ్బు రావడం మొదలైంది, అందరి జేబులు నిండుగా ఉన్నాయి, ఆ సంగతి అమ్మేవాళ్లకీ తెలుసు. అంటే ఆ 8.9 కోట్లలో పోగ్బా ఆట ఒక్కటే లేదు, ఆ టైమ్ మార్కెట్ కూడా ఉంది.

కానీ స్టేడియంలో కూర్చున్నవాడికి ఈ లెక్కలతో పనిలేదు. రేటు ఒకసారి బుర్రలో పడ్డాక ప్రతి పాస్‌నీ దానితోనే కొలుస్తారు. మామూలు మిడ్‌ఫీల్డర్ బంతిని పక్కకి ఇస్తే సేఫ్‌గా ఆడాడంటారు, పోగ్బా పక్కకి ఇస్తే దీనికా అంత పెట్టామంటారు, సరే కదా అని ముందుకి కష్టమైన పాస్ ట్రై చేసి అది తెగితే నిర్లక్ష్యం అంటారు. జుట్టుకి రంగేసినా, డాన్స్ వీడియో పెట్టినా అది కూడా ఆ ఖాతాలోనే పడింది.

## కాంటే ఎందుకు నిలకడగా కనిపిస్తాడు

అదే 2016 ఎండాకాలంలో చెల్సీ దాదాపు 3.2 కోట్ల పౌండ్లకి ఎన్‌గోలో కాంటేని కొంది. ఆ సీజన్ చెల్సీ లీగ్ గెలిచింది, ఇంగ్లాండ్ ఆటగాళ్ల సంఘం ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు కాంటేకే వచ్చింది, యునైటెడ్ ఆరో స్థానంలో ఆగింది. మూడో వంతు రేటుకే ఇంత దొరికినప్పుడు పోగ్బాకి అంత ఎందుకు అని అడగడంలో తప్పేం లేదు, కాకపోతే ఆ పోలిక సగమే చెప్తుంది.

కాంటే పని బంతి లాక్కోవడం, ఖాళీలు మూయడం. ఒక మ్యాచ్‌లో ఆ పని చేసే సందర్భాలు బోలెడు వస్తాయి, ప్రతిసారీ గెలిచే అవకాశం కూడా బాగానే ఉంటుంది, రెండు మూడు సార్లు తప్పినా మిగతావాటిలో కలిసిపోతుంది. పోగ్బాని కొన్నది వేరే పనికి. డిఫెన్స్ మొత్తాన్ని దాటించే 40 గజాల పాస్, బాక్స్‌లోకి ఆలస్యంగా పరుగు, దూరం నుంచి షాట్. ఇవి మ్యాచ్‌కి నాలుగైదు సార్లే వస్తాయి, వాటిల్లో ఎక్కువ భాగం ఫెయిల్ అవుతాయి, ప్రపంచంలో ఎవరు ట్రై చేసినా అంతే. ఉదాహరణకి అలాంటి పాస్ పదిలో మూడు అందుతాయి అనుకుందాం. ఒక శనివారం నాలుగు ట్రై చేస్తే రెండు అందొచ్చు, ఒకటి గోల్ అవుతుంది, హీరో. వచ్చే శనివారం నాలుగూ తెగొచ్చు, జీరో. ఆటగాడి క్వాలిటీ రెండు రోజులూ అదే, ఫలితం మాత్రం ఆకాశానికీ పాతాళానికీ ఉన్నంత తేడా. అరుదుగా జరిగే, ఎక్కువసార్లు తప్పే పనిని వృత్తిగా పెట్టుకున్నవాడు ఎప్పుడూ నిలకడ లేనివాడిలాగే కనిపిస్తాడు.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇది ఇంకొంచెం ఇబ్బంది. క్రికెట్‌లో బ్యాటర్ చేసిన ప్రతి రన్నూ స్కోర్‌కార్డ్‌లో ఉంటుంది, సగటు తీస్తే మనిషి నిలకడ తేలిపోతుంది. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ తొంభై నిమిషాల్లో చేసిన పనిలో స్కోర్‌కార్డ్ ఎక్కేది ఒక గోలో, ఒక అసిస్టో (గోల్‌కి దారి తీసిన ఆఖరి పాస్), చాలాసార్లు ఏదీ ఉండదు. దాంతో జనం గుర్తున్న రెండు సీన్లతోనే సగటు తీసేస్తారు.

## జువెంటస్‌లో ఏం ఆడాడు, యునైటెడ్‌లో ఏం అడిగారు

జువెంటస్‌లో నాలుగు సీజన్లలో నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచాడు. అక్కడ ఎక్కువగా ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, వాళ్లలో పోగ్బా ఎడమ వైపు. మధ్యలో వెనకగా పిర్లో ఉండేవాడు, ఆట నడిపే బాధ్యత అతనిది, ఇంకో వైపు విడాల్ లేదా మార్కీసియో, పరుగెత్తి బంతి లాక్కోవడంలో ఇద్దరూ గట్టివాళ్లు, వెనక చాలా మ్యాచ్‌ల్లో ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు, అంటే గోల్ ముందు మధ్యలో ఉండే డిఫెండర్లు. ఈ ఏర్పాటులో పోగ్బా బంతి పోగొట్టుకున్నా ఎదుటి టీమ్ గోల్ దాకా రావాలంటే ఇంకా ఐదుగురిని దాటాలి, అందుకే అతను భయం లేకుండా ట్రై చేసేవాడు, పోయినవి ఎవరికీ గుర్తుండేవి కావు.

యునైటెడ్‌కి వచ్చాక చాలాసార్లు డిఫెన్స్ ముందు ఇద్దరే మిడ్‌ఫీల్డర్లు, అందులో ఒకడు పోగ్బా. ఇక్కడ పని పూర్తిగా మారిపోయింది. ఇద్దరే ఉన్నప్పుడు ఒకడు ముందుకి వెళ్తే మధ్యలో ఖాళీ పడుతుంది, పాస్ తెగితే ఎదుటివాడు నేరుగా సెంటర్ బ్యాక్‌ల మీదకి పరుగెత్తుకొస్తాడు. పైగా వెనక్కి పరుగెత్తే మనిషిని వెంటాడటం, భుజం మీదుగా చూసుకుంటూ పొజిషన్ పట్టుకోవడం లాంటి పనులు ప్రతి నిమిషం చేయాలి. పోగ్బా ఈ పనుల్లో ఎప్పుడూ గొప్ప కాదు. 2018 జనవరి 31న టాటెనమ్‌తో మ్యాచ్ దీనికి బాగా సరిపోయే ఉదాహరణ. మాటిచ్, పోగ్బా ఇద్దరితో మొదలెట్టారు, 11వ సెకండ్‌కే ఎరిక్సెన్ గోల్ కొట్టాడు, సెకండాఫ్‌లో పోగ్బాని తీసేశారు, 0-2. ఆ తర్వాతి నెలలో సెవియ్యాతో చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కి అతను బెంచ్ మీద ఉన్నాడు, కుర్రాడు మెక్‌టామినే ఆడాడు.

మౌరిన్హో వైపు నుంచి చూస్తే, క్రమశిక్షణ లేని ఖరీదైన ఆటగాడి వల్ల టీమ్ బ్యాలెన్స్ పోతోంది. పోగ్బా వైపు నుంచి చూస్తే, ముందుకెళ్లి ఆడేవాణ్ని కాపలాకి పెట్టి కాపలా సరిగ్గా కాయట్లేదని తిడుతున్నారు. రెండూ ఒకేసారి నిజం కావడం వల్లే ఈ గొడవ అలా ముదిరింది, 2018 సెప్టెంబర్‌లో వైస్ కెప్టెన్సీ తీసేశారు, డిసెంబర్ 18న మౌరిన్హోనే పంపేశారు.

## ఫ్రాన్స్ జెర్సీలో వేరే మనిషా?

పోగ్బాని సమర్థించేవాళ్ల చేతిలో పెద్ద ఆధారం ఇదే. 2018 ప్రపంచకప్‌లో పక్కన కాంటే, ఎడమ వైపు ముందు పేరుకి వింగర్ లాగా కనిపిస్తూ నిజానికి మూడో మిడ్‌ఫీల్డర్ పని చేసే మట్విడి. కోచ్ దెషాంప్స్ పోగ్బాకి ఇచ్చింది కూడా తక్కువ రిస్కు ఉన్న పాత్రే, వెనకే ఉండు, ఎంబాపే పరుగెత్తినప్పుడు మాత్రం పెద్ద పాస్ వెయ్యి.

జూలై 15న మాస్కోలో ఫైనల్, 59వ నిమిషం. పోగ్బా చాలా వెనక నుంచి కుడి వైపుకి పొడుగు పాస్ వేశాడు, ఎంబాపే అందుకున్నాడు. పాస్ వేసి అక్కడే నిలబడిపోలేదు, అదే దారిన పరుగు మొదలెట్టాడు, ఎంబాపే గ్రీజ్‌మన్‌కి ఇచ్చాడు, గ్రీజ్‌మన్ వెనక్కి తోశాడు, అప్పటికి పోగ్బా బాక్స్ అంచుకి వచ్చేశాడు. కుడి కాలితో కొట్టాడు, డిఫెండర్‌కి తగిలి మళ్లీ అతని దగ్గరికే వచ్చింది, ఈసారి ఎడమ కాలితో మూలకి పంపాడు. 3-1. చివరికి ఫ్రాన్స్ 4-2తో క్రొయేషియాని గెలిచింది. గోల్ మొదలెట్టిందీ అతనే, ముగించిందీ అతనే, తను ఖాళీ చేసి వచ్చిన చోటు ఎవరో చూసుకుంటారన్న ధైర్యం లేకపోతే ఆ పరుగు పుట్టదు.

అయితే ఈ ఆధారం కూడా పూర్తిగా నిలబడదు, ఈ ముక్కని సమర్థకులు ఎక్కువగా వదిలేస్తారు. 2021 జూన్ 28న బుకారెస్ట్‌లో స్విట్జర్లాండ్‌తో యూరో కప్ ప్రీ క్వార్టర్స్. 75వ నిమిషంలో పోగ్బా దూరం నుంచి పై మూలలోకి కొట్టిన గోల్ ఆ టోర్నమెంట్‌లోనే అందమైన గోల్స్‌లో ఒకటి, ఫ్రాన్స్ 3-1, మ్యాచ్ అయిపోయినట్టే. స్విస్ ఒకటి తగ్గించింది. 90వ నిమిషంలో మిడ్‌ఫీల్డ్‌లో బంతి పోగ్బా కాళ్ల దగ్గర ఉంది, దాన్ని పోగొట్టుకున్నాడు, జాకా అక్కణ్ణుంచి వేసిన పాస్‌ని గావ్రనోవిచ్ గోల్ చేశాడు, 3-3, పెనాల్టీల్లో ఫ్రాన్స్ ఇంటికి. ఆ రోజు కాంటే కూడా గ్రౌండ్‌లోనే ఉన్నాడు. అంటే సరైన జోడీ ఉంటే తప్పులకి పడే శిక్ష తగ్గుతుంది, తప్పులు మాత్రం ఆగవు. పదిహేను నిమిషాల తేడాతో అదే ఆటగాడు మ్యాచ్‌ని గెలిపించబోయి చేజార్చాడు.

## ఐదు నెలల ప్రయోగం

మౌరిన్హో తర్వాత కోచ్‌గా సోల్షేర్ వచ్చి చేసిన మార్పు చిన్నదే. మాటిచ్, హెరెరాలని వెనక పెట్టి పోగ్బాని ఎడమ వైపు ముందుకి వదిలాడు, జువెంటస్ బొమ్మకి దగ్గరగా. మొదటి మ్యాచ్‌లోనే కార్డిఫ్ మీద 5-1, తర్వాత హడర్స్‌ఫీల్డ్, బోర్న్‌మత్ మ్యాచ్‌ల్లో పోగ్బా రెండేసి గోల్స్. ఆ సీజన్ లీగ్‌లో 13 గోల్స్, 9 అసిస్టులు, ఆటగాళ్లు ఓటేసే ఆ ఏడాది ఉత్తమ జట్టులో చోటు. ఆ 13లో చాలా భాగం పెనాల్టీలే అన్నది కూడా గుర్తుంచుకోవాలి, లేకపోతే ఆ నంబర్ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

వసంతం వచ్చేసరికి హెరెరాకి గాయాలు, మిగతావాళ్లకి అలసట, టీమ్ మొత్తం కూలబడింది, పోగ్బా ఆట కూడా దానితోపాటే పడిపోయింది. 2019 మే 12న సీజన్ చివరి మ్యాచ్ మళ్లీ కార్డిఫ్‌తోనే, ఈసారి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, 0-2 ఓటమి. ఆ ఎండాకాలంలో హెరెరా కాంట్రాక్ట్ అయిపోయి పీఎస్‌జీకి వెళ్లిపోయాడు. పోగ్బా బాగా ఆడిన రోజుల్లో పక్కన ఉన్నది అతనే, 2018 డెర్బీలో ఆ బంతి ఛాతీతో దించింది కూడా అతనే. ఆ స్థాయి మనిషిని వెంటనే తెచ్చుకోకపోవడం ఆ క్లబ్ చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి. ఖరీదైన ఆటగాడి విలువలో కొంత భాగం అతని పక్కన ఆడే చవకైన ఆటగాడి కాళ్లలో ఉంటుంది, బిల్లు మాత్రం ఒక్కడి పేరు మీదే వస్తుంది.

## నిజంగా అతని వైపు ఉన్న లోపాలు

పాత్ర, జోడీ అన్నీ లెక్కేశాక కూడా మిగిలేవి ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. సొంత హాఫ్‌లో ఒంటి మీదకి మనిషి వస్తున్నా బంతిని ఇంకో టచ్ పట్టుకోవడం మొదటిది. బలం, టెక్నిక్ ఉన్నాయి కాబట్టి పదిలో తొమ్మిదిసార్లు తిరిగి బయటపడిపోతాడు, పదోసారి గోల్ పడుతుంది.

రెండోది గాయాలు. 2019-20లో చీలమండ గాయంతో సీజన్‌లో ఎక్కువ భాగం పోయింది. సరిగ్గా ఆ ఖాళీలోనే 2020 జనవరిలో బ్రూనో ఫెర్నాండెజ్ వచ్చాడు, అతను కూడా రిస్కు పాస్‌లే వేస్తాడు, అతనివీ బోలెడు తెగుతాయి. కానీ అతను గోల్‌కి దగ్గరగా ఆడతాడు కాబట్టి అక్కడ పోయిన బంతి వల్ల నష్టం తక్కువ, పైగా దాదాపు ప్రతి మ్యాచ్‌కీ అందుబాటులో ఉన్నాడు. పోగ్బా కోసం చుట్టూ టీమ్ కట్టాలన్న వాదన ఆ రోజుతో బలహీనపడింది, ఎందుకంటే ఆ ముందు చోటు నిండిపోయింది.

2021-22 సీజన్ ఈ కథంతా మళ్లీ ఒకసారి ఆడి చూపించింది. ఆగస్టు 14న లీడ్స్ మీద 5-1, ఎడమ వైపు నుంచి పోగ్బా నాలుగు అసిస్టులు, మొదటి నాలుగు లీగ్ మ్యాచ్‌లకే 7. అక్టోబర్ 24న అదే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లివర్‌పూల్ హాఫ్ టైమ్‌కే 4-0, పోగ్బాని అప్పుడు దింపారు, పదిహేను నిమిషాల్లో రెడ్ కార్డ్, 0-5. తర్వాత తొడ గాయంతో చలికాలం మొత్తం బయటే. సీజన్ మొత్తానికి లీగ్ అసిస్టులు 9, అంటే మొదటి నాలుగు మ్యాచ్‌ల తర్వాత వచ్చినవి రెండే.

## క్లబ్ ఖాతాలో చూస్తే

ట్రాన్స్‌ఫర్ ఫీజుని క్లబ్బులు కాంట్రాక్ట్ ఏళ్ల మీద సమానంగా పంచి పుస్తకాల్లో రాస్తాయి. 8.9 కోట్లని ఐదేళ్ల మీద పంచితే ఏడాదికి 1.78 కోట్ల పౌండ్లు, జీతం దీనికి అదనం. దీనికి బదులుగా దొరికింది 220కి పైగా మ్యాచ్‌లు, 39 గోల్స్, 2017లో లీగ్ కప్, యూరోపా లీగ్. ఆ యూరోపా ఫైనల్లో అయాక్స్ మీద మొదటి గోల్ పోగ్బాదే. లీగ్ టైటిల్ ఒక్కటీ లేదు. 2017-18లో రెండో స్థానంలో నిలిచినా యునైటెడ్‌కి 81 పాయింట్లే, సిటీకి 100.

మామూలుగా ఇలాంటి ఆటగాడి మీద క్లబ్‌కి ఒక రక్షణ ఉంటుంది, సరిపడకపోతే అమ్మేసి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. యునైటెడ్ అమ్మలేదు, కొత్త కాంట్రాక్ట్ కుదర్చలేదు, అదనపు ఏడాది ఆప్షన్ వాడుకుని 2022 దాకా లాగింది. ఒక సీజన్ గొప్పగా ఆడినప్పుడు ఎలా అమ్ముతాం అనుకున్నారు, పడిపోయినప్పుడు ఇప్పుడెవడు కొంటాడు అనుకున్నారు, నిలకడలేమి క్లబ్‌కి చేసే అతిపెద్ద నష్టం ఇదే, నిర్ణయం తీసుకునే రోజు ఎప్పటికీ రాదు. ఫ్యాన్స్ చేస్తున్న వాదననే బోర్డు రూమ్‌లో కూడా చేస్తూ కూర్చుంటే ఎక్కడేసిన గొంగళి అక్కడే ఉంటుంది, కాంట్రాక్ట్ తేదీ మాత్రం ఆగదు.

ఇక్కడ జువెంటస్ పుస్తకం పక్కన పెట్టి చూడాలి. వాళ్లకి 2012లో ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండా వచ్చాడు, నాలుగు టైటిళ్లలో భాగమయ్యాడు, పోతూ పోతూ 10.5 కోట్ల యూరోలు తెచ్చిపెట్టాడు. యునైటెడ్ అతన్ని రెండుసార్లు వదులుకుంది, రెండుసార్లూ ఫీజు రాలేదు, మధ్యలో ఒకసారి రికార్డు రేటు కట్టింది. 2022లో అదే జువెంటస్ మళ్లీ ఫ్రీగా తీసుకుంది, ఈసారి మోకాలి గాయం, 2023లో డోపింగ్ టెస్ట్‌లో దొరకడం, ముందు నాలుగేళ్లు వేసి తర్వాత 18 నెలలకి తగ్గించిన నిషేధం, మొత్తం కలిపి రెండో విడత డజను మ్యాచ్‌ల దగ్గరే ఆగిపోయింది. 2025లో 32 ఏళ్ల వయసులో మొనాకో అతనికి రెండేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది, ఆ ఒప్పందంలో కూడా జువెంటస్‌కి దక్కిన ఫీజు ఏమీ లేదు.